టార్చిలైటులోని లిథియం ఘటము

పూర్వపు టార్చిలైటు మూత విప్పినచో అందులో రెండు మూడు అనార్ద్ర ఘటములు కనబడెడివి. జింకు డబ్బా, నడుమ బొగ్గు కడ్డీ, వాని మధ్య నల్లని ముద్ద. 1866లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెక్లాంషే నిర్మించిన ఘటమునకు ఇది సంతతి. దానిని మరచి నెలల తరబడి లోపలనే వదలివేసినచో రసము కారి టార్చి పాడగును. సాధారణముగా అంతకు మించిన ప్రమాదము లేదు. నేటి జేబు టార్చిలలో పెక్కింట దాని స్థానమును లిథియం-అయాను ఘటము ఆక్రమించినది. రాత్రివేళ పొలమునకు నీరు పెట్టబోవు రైతు మొదలు వసతిగృహములోని విద్యార్థి వరకు దీనిని వాడుచున్నారు. చూచుటకు పాత ఘటమువలెనే ఉన్నను దీని స్వభావము వేరు. కావున దీనిని ఎన్నుకొను పద్ధతియు వేరుగా ఉండవలెను.

లోపల ఏమున్నది?

లోహములన్నిటిలో లిథియం తేలికైనది. దాని సాంద్రత ఘన సెంటీమీటరునకు 0.53 గ్రాము మాత్రమే. అనగా నీటి సాంద్రతలో ఇంచుమించు సగము. పైగా అది ఎలక్ట్రానును సులువుగా వదలివేయును. అందుచేత కొద్ది బరువులో ఎక్కువ శక్తిని నిలువచేయు ఘటములకు అది తగినదని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. 1970వ దశకములో విటింగ్‌హాం లిథియం లోహమునే ఋణధ్రువముగా వాడి ఘటము నిర్మించెను. కాని తిరిగి చార్జి చేసినపుడెల్ల లిథియం సూదులవలె పెరిగి ఎదుటి ధ్రువమును తాకెడిది. 1980లో గుడెనఫ్ బృందము కోబాల్టు ఆక్సైడును ధనధ్రువముగా వాడవచ్చునని చూపెను. 1985లో యోషినో ఋణధ్రువమునకు లోహమును విడిచి కర్బన పదార్థమును గ్రహించెను. ఈ ఏర్పాటులో విడిగా లిథియం లోహము లేదు. లిథియం అయానులు మాత్రము చార్జి చేయునపుడు ఒక వైపునకు, వాడునపుడు రెండవ వైపునకు ప్రయాణించును. 1991లో ఇట్టి ఘటములు విపణికి వచ్చినవి. ఈ మువ్వురకును 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ప్రమాదమునకు మూలమేమి? ఈ ఘటము నిండినపుడు ధ్రువముల మధ్య 4.2 వోల్టులుండును. అంత వోల్టేజి వద్ద నీరు విఘటనము చెందును. కావున ఇందులో విద్యుద్విశ్లేష్యమునకు నీటికి బదులు కర్బన ద్రావణులను వాడుదురు. అవి మండు స్వభావము గలవి. ధ్రువములను వేరుచేయునది పలుచని ప్లాస్టిక్ పొర మాత్రమే. ఎక్కువ చార్జి చేసినను, నలిపినను, హ్రస్వవలయము కలిగినను ఘటము వేడెక్కును. వేడి వలన చర్యలు త్వరపడును. ఆ చర్యల వలన మరింత వేడి పుట్టును. పొర కరగి, ధనధ్రువ పదార్థము నుండి ఆక్సిజన్ వెలువడినచో మంట తప్పదు.

ఆ శక్తి ఎంతయో విద్యార్థులు లెక్కకట్టవచ్చును. 3.6 వోల్టుల, 3500 మిల్లీ ఆంపియర్-గంటల ఘటములో 12.6 వాట్-గంటలు, అనగా సుమారు 45,000 జౌళ్ల శక్తి ఉన్నది. ఇది 150 గ్రాముల నీటిని 28 డిగ్రీల నుండి మరుగు వరకు వేడిచేయుటకు చాలును. టార్చి గట్టిగా బిగించిన లోహపు గొట్టము. లోపల వాయువులు పుట్టి వెలికి పోవు దారి లేనిచో అది పగిలి గాయపరచగలదు.

కొలత ఒకటే, వోల్టేజి వేరు

ఘటముపై 18650 అని ఉన్నచో 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవు అని అర్థము. చివరి సున్న అది స్తూపాకారమని తెలుపును. ఈ అంకె కొలతను తెలుపునే గాని లోపలి రసాయనమును తెలుపదు. పొరపాట్లు ఇక్కడనే జరుగును.

14500 అను లిథియం-అయాను ఘటము సామాన్యమైన పెన్సిల్ సెల్లు కొలతలోనే ఉండును. కాని పెన్సిల్ సెల్లు 1.5 వోల్టులది, ఇది 3.7 వోల్టులది. 1.5 వోల్టులకు మాత్రమే తగిన టార్చిలో దీనిని వేసినచో దీపము కాలిపోవచ్చును. అట్లే 16340 ఘటమును, సి.ఆర్. 123 అను 3 వోల్టుల ఘటమును చూచుటకు ఒకే తీరుగా ఉండును. మొదటిది తిరిగి చార్జి చేయదగినది. రెండవది లిథియం లోహముతో చేసినది. ఒకసారి వాడి తీసివేయవలసినదే. దానిని చార్జరులో పెట్టుట అగ్నితో చెలగాటము. ఇక లిథియం ఐరన్ ఫాస్ఫేటు ఘటము 3.2 వోల్టులది, దానిని 3.65 వోల్టులకు మించి చార్జి చేయరాదు. ఇందులో ఆక్సిజన్ ఫాస్ఫరసుతో గట్టిగా బంధింపబడి ఉండుటచే సులభముగా వెలువడదు. కావున నిలువచేయు శక్తి కొంత తక్కువైనను ఇది ఎక్కువ సురక్షితము. టార్చియు, చార్జరును దీనికి తగినవైనచో దీనిని ఎన్నుకొనుట మేలు.

కొనునపుడు

మొదట అంకెను చూడుడు. మంచి 18650 ఘటముల సామర్థ్యము సాధారణముగా 2000 నుండి 3500 మిల్లీ ఆంపియర్-గంటల వరకు ఉండును. అదే కొలతలో 9900 అని ముద్రించిన ఘటము అబద్ధము చెప్పుచున్నదని గ్రహింపవలెను. సామర్థ్యమును గూర్చి అబద్ధమాడువాడు భద్రతను గూర్చి నిజము చెప్పునని నమ్ముటకు ఆధారము లేదు.

రెండవది రక్షణ వలయము. కొన్ని ఘటముల అడుగున చిన్న ఎలక్ట్రానిక్ పలక అమర్చబడి ఉండును. అతిగా చార్జి ఐనను, అతిగా ఖాళీ ఐనను, ప్రవాహము హద్దు మీరినను అది వలయమును తెంచివేయును. ఈ పలక వలన ఘటము కొన్ని మిల్లీమీటర్లు పొడుగగును. కావున టార్చిలో పట్టునో లేదో ముందుగా చూచుకొనవలెను.

మూడవది ప్రమాణ చిహ్నము. మన దేశములో ఇట్టి ఘటములకు భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి, ప్రమాణము ఐ.ఎస్. 16046. ఆ గుర్తును, నమోదు సంఖ్యను చూచి కొనవలెను.

నాలుగవది, ఒకే ఘటముతో వెలుగు టార్చి మేలు. రెండింటిని శ్రేణిలో కలిపినపుడు బలహీనమైనది ముందుగా ఖాళీయగును. రెండవది దానిలోనికి వ్యతిరేక దిశలో విద్యుత్తును నెట్టును. రెండు ఘటములు తప్పనిసరియైనచో, ఒకే రకమువి, ఒకేసారి కొన్నవి, సమానముగా చార్జి ఐనవి వాడవలెను. పిల్లలకు మాత్రము ఘటమును బయటకు తీయనవసరము లేక, టార్చిలోనే చార్జి అగు రకమే తగినది.

వాడునపుడు

ఘటము యొక్క డబ్బా అంతయు ఋణధ్రువమే. పైనున్న ధనధ్రువమునకు దానికి నడుమ దూరము స్వల్పము. డబ్బాను కప్పియున్నది పలుచని ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగు చిరిగిన ఘటమును వాడరాదు. తాళపు చెవులు, నాణెములు ఉన్న జేబులో విడి ఘటమును వేయరాదు. అంతర్నిరోధము 0.05 ఓమ్ అనుకొన్నచో, హ్రస్వవలయములో ఓమ్ నియమము ప్రకారము 3.7ను 0.05చే భాగింపగా 74 ఆంపియర్లు వచ్చును! విడి ఘటములను ప్లాస్టిక్ పెట్టెలో ఉంచవలెను. విమాన ప్రయాణములో వీనిని సామానులో వేయక, చేతిసంచిలో వెంట ఉంచుకొనవలెనను నియమము ఉన్నది.

ఘటమునకు తగిన చార్జరునే వాడవలెను. అది మొదట స్థిరమైన ప్రవాహమును, ఘటము 4.2 వోల్టులు చేరిన తరువాత స్థిరమైన వోల్టేజిని ఇచ్చుచు, ప్రవాహము తగ్గిన పిమ్మట తానే ఆగును. నిద్రించునపుడు పరుపు మీద చార్జి పెట్టరాదు. చాలకాలము పూర్తిగా ఖాళీగా పడియున్న ఘటములో ఋణధ్రువపు రాగి రేకు కరగి, తిరిగి చార్జి చేసినపుడు లోపల పేరుకొని హ్రస్వవలయమునకు దారితీయవచ్చును; అట్టిదానిని విడిచిపెట్టుటయే మంచిది. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవి ఎండలో మూసియుంచిన కారులో వేడి 60 డిగ్రీలు దాటవచ్చును. టార్చిని అందులో వదలరాదు.

టార్చి వెలుగకయే వేడెక్కినచో దానిని విప్పుటకు ప్రయత్నింపక, ఆరుబయట మండు వస్తువులకు దూరముగా ఉంచి తొలగిపోవలెను. ఘటము అంటుకొన్నచో పొగ విషపూరితము, దగ్గరకు పోరాదు. లిథియం లోహము నీటితో చర్యనొందునని చదివినవారు నీరు పోయుటకు సంకోచింతురు. కాని లిథియం-అయాను ఘటములో విడి లోహము సాధారణముగా ఉండదు కనుక, దూరము నుండి ధారాళముగా నీరు పోసి చల్లార్చవచ్చును. పాతబడిన ఘటములను చెత్తలో వేయక, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమములను అనుసరించి సేకరణ కేంద్రములకు అప్పగింపవలెను.

ఉపాధ్యాయులకు ఒక మాట. పాత అనార్ద్ర ఘటమును నిలువుగా కోసి, జింకు డబ్బాను, బొగ్గు కడ్డీని తరగతిలో చూపుట మన పాఠశాలలలో వాడుక. లిథియం ఘటమును ఆ విధముగా ఎన్నడును కోయరాదు. దాని నిర్మాణమును నల్లబల్లపై పటము గీసి బోధించిన చాలును.