ధాన్యపు బస్తా వెంట కాపలాదారులు

కృష్ణానదికి కుడివైపున, ప్రకాశం బారేజీ దిగువనుంచి సముద్రం దాకా పరుచుకున్న పల్లపు భూములను కృష్ణా పడమటి డెల్టా అంటారు. తెనాలి, రేపల్లె, బాపట్ల ఈ డెల్టాలోని ఊళ్ళే. తెనాలి గుంటూరు జిల్లాలో ఉన్నది. రేపల్లె, బాపట్ల 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉన్నవి. తెనాలినుంచి రేపల్లెకు ఒక రైలుదారి చీలిపోతుంది. రేపల్లె, బాపట్ల మీదుగా 216వ నెంబరు జాతీయ రహదారి పోతుంది.

వరికోతలు అయిన రోజులలో ఈ దారులలో ఎక్కడ చూసినా ధాన్యపు బస్తాలే. పొలంనుంచి ట్రాక్టరు మీద మిల్లుకు, మిల్లునుంచి బియ్యమై గిడ్డంగికి, గిడ్డంగినుంచి లారీ మీద దూరపు ఊళ్ళకు - బస్తా చాలా ప్రయాణం చేస్తుంది. దాని వెంట హమాలీలు, మిల్లు పనివాళ్ళు, డ్రైవర్లు, క్లీనర్లు ఉంటారు. దారిలో బస్తా చిరిగితే నాలుగు గింజలు నష్టం. మనిషికి హాని జరిగితే ఒక కుటుంబానికి ఆధారమే పోతుంది.

అందుకని ఈ ప్రయాణం పొడుగునా మనిషిని కాపాడడానికి రకరకాల సాధనాలు ఏర్పడినవి. కొన్ని చాలా పాతవి, కొన్ని నిన్నమొన్నటివి. వాటిని ఒకదాని తరవాత ఒకటి చూద్దాం.

బరువు

ఒకప్పుడు గోనె బస్తా 100 కిలోల దాకా తూగేది. హమాలీలు దానిని వీపు మీద వేసుకుని, వాలుగా పెట్టిన బల్ల మీదుగా ఎక్కి, ఎత్తున పేర్చేవాళ్ళు. అలా పదేళ్ళు మోస్తే నడుము, మోకాళ్ళు అరిగిపోక ఏమవుతవి? ఒక మనిషి చేత 55 కిలోలకు మించి మోయించకుండా చూడాలని 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ దేశాలకు సలహా ఇచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ గిడ్డంగులకు వచ్చే బియ్యపు బస్తా 50 కిలోలది. బస్తాను సగానికి తగ్గించడం కూడా ఒక సాధనమే. దానికి కరెంటు కూడా అక్కరలేదు.

కొన్నిచోట్ల బస్తాలను పైకి చేర్చడానికి కదిలే పట్టా వచ్చింది. దాన్ని కన్వేయరు బెల్టు అంటారు. అది నడుముకు మేలు చేస్తుంది గాని, పంచె అంచో, పైట చెంగో చిక్కుకుంటే మనిషిని లోపలికి లాక్కుంటుంది. అందుచేత తిరిగే చక్రాలకు ఇనపజాలీ తొడుగుతారు. పెద్ద పట్టాలకు పక్కన పొడుగునా ఒక తాడు కట్టి ఉంటుంది. ఆ తాడును ఎక్కడ లాగినా యంత్రం ఆగిపోతుంది. చెయ్యి చిక్కుకున్నవాడు మీట ఉన్నచోటికి పరుగెత్తలేడు గదా! మీటే అతని దగ్గరకు వచ్చిందన్నమాట.

జారే గింజలు

పెద్ద మిల్లులలో ధాన్యాన్ని బస్తాలలో గాక ఎత్తయిన ఉక్కు గాదెలలో పోస్తారు. అడుగున తలుపు తీస్తే ధాన్యం జారుతుంది. గాదెలో పైన నిలబడితే గింజలు గట్టినేలలాగా కనిపిస్తవి. కాని కింద తలుపు తీసి ఉంటే, మనిషి కొద్ది సెకన్లలోనే మోకాలి లోతుకు, మరికొద్ది సెకన్లలో నడుము లోతుకు దిగిపోతాడు. గింజలు నీళ్ళలాగా జారుతవేగాని, నీళ్ళలాగా మనిషిని తేల్చవు. నడుము దాకా కూరుకుపోయినవాణ్ణి చేతులు పట్టి లాగడం ఇద్దరు ముగ్గురి వల్ల కూడా కాదు.

దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా చిన్నది: తాళంకప్ప. గాదెలోకి దిగవలసినవాడు ముందు కరెంటు మీట ఆపి, దానికి తన తాళం తానే వేసుకుంటాడు. తాళంచెవి తన జేబులోనే ఉంటుంది. ఇద్దరు దిగితే రెండు తాళాలు. వాళ్ళు బయటకు వచ్చి తాళం తీసేదాకా యజమాని చెప్పినా సరే, యంత్రం తిరగదు. నడుముకు తాడు కట్టుకోవడం, పైన ఒక మనిషి కాపలా ఉండడం కూడా తప్పనిసరి.

దీపం చెప్పేది, చెప్పనిది

డెల్టా పల్లెలలో పూర్వం ధాన్యాన్ని గడ్డివెంటితో చుట్టిన పురులలో దాచేవారు. మెట్ట ప్రాంతాలలో నేలలో పాతరలు తవ్వి పోసేవారు. పాతర తెరిచిన వెంటనే ఎవరూ దిగేవారు కారు. తాడుకు దీపం కట్టి లోపలికి దించేవారు. దీపం ఆరిపోతే, ఇంకా ఆగాలని అర్థం.

దీపం ఎందుకు ఆరుతుంది? గింజకు ప్రాణం ఉన్నది. అది కూడా మనలాగే ఊపిరి పీల్చి ఆమ్లజనిని వాడుకుని, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. మీ పాఠాలలో వీటినే ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అంటారు. మూసిన పాతరలో ఆమ్లజని తరిగిపోతుంది. దీపం వెలగని గాలి మనిషికి కూడా ప్రమాదమే. అప్పటి మనుషులకు దీపమే పరికరం.

గింజ తడిగా ఉంటే ఇంకా జోరుగా ఊపిరి పీలుస్తుంది, వేడెక్కుతుంది, బూజు పడుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతల కాలంలో వచ్చిన ఆ వానకు ఎంతో వరి తడిసింది. అందుకే ధాన్యం కొనేముందు తేమ కొలుస్తారు. పూర్వం గింజ కొరికి చూసేవారు. ఇప్పుడు తేమమాపకంలో గుప్పెడు గింజలు పోస్తే చాలు. గింజలో తడి ఎక్కువైనకొద్దీ విద్యుత్తుకు దాని గుణం మారుతుంది. ఆ మార్పును బట్టి పరికరం అంకె చూపుతుంది. ధాన్యానికి 17 శాతం మించకూడదు. ధాన్యాన్ని ఎండబెట్టి, పాడుకాకుండా నిలవచేసే పద్ధతులను పరిశోధించే కేంద్రం ఒకటి బాపట్లలో, వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉన్నది.

నిలవలో పురుగు పట్టకుండా ఇప్పుడు గిడ్డంగులలో అల్యూమినియం ఫాస్ఫైడ్ అనే మందు బిళ్ళలు వాడుతున్నారు. బస్తాల గుట్టను పెద్ద గుడ్డతో గాలి చొరకుండా కప్పి, లోపల బిళ్ళలు పెడతారు. గాలిలోని తేమ తగలగానే బిళ్ళనుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. మూడు గ్రాముల బిళ్ళ ఒక గ్రాము వాయువును ఇస్తుంది. అది పురుగునూ చంపుతుంది, మనిషినీ చంపుతుంది.

ఇక్కడే పాత దీపం పనికిరాకుండా పోయింది. రోజంతా పనిచేసే మనిషికి ఈ వాయువు కోటి పాళ్ళ గాలిలో మూడు పాళ్ళకు మించి ఉండరాదని కొన్ని దేశాలలో హద్దు పెట్టారు. అంత కొంచెం వాయువుకు దీపం రెపరెపలాడను కూడా ఆడదు. పైగా, ఈ వాయువు చిక్కగా ఉన్నచోట నిప్పు అంటుకోవచ్చు కూడా. పోనీ, ముక్కును నమ్ముదామా? అదీ కుదరదు. కొన్నిసార్లు వెల్లుల్లి వాసన, కొన్నిసార్లు కుళ్ళిన చేపల వాసన వస్తుంది. కొన్నిసార్లు ప్రమాదం ఉన్నా వాసన తెలియదు.

అందుకని వాయుమాపకం వచ్చింది. అది జేబులో పట్టేటంత పెట్టె. లోపలి రసాయనానికి ఫాస్ఫీన్ తగలగానే సన్నని విద్యుత్తు పుడుతుంది. వాయువు హద్దు దాటితే పెట్టె కూత పెడుతుంది, ఎర్రదీపం వెలిగిస్తుంది. మందు పెట్టిన గిడ్డంగికి తాళం వేసి, అపాయం అని పలక తగిలిస్తారు. గడువు తీరాక తలుపులు తెరిచి, గాలి పారనిచ్చి, మాపకం సరేనన్న తరవాతనే హమాలీలు లోపల అడుగు పెట్టాలి.

తల్లిదండ్రులు ఒక మాట ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. ఈ బిళ్ళలు ఇంట్లో ఉండదగినవి కావు. ప్రభుత్వ సంస్థలకు, అనుమతి పొందిన నిపుణులకు మాత్రమే వీటిని అమ్మాలి. ఎవరైనా ఇస్తే, బియ్యపు డబ్బాలో వేయకండి, పక్కగదిలో కూడా పెట్టకండి. ఈ విషానికి విరుగుడు మందు లేదు. ఇంట్లో బియ్యానికి ఎండ, వేపాకు చాలు.

రోడ్డు మీద

బియ్యం లారీకి ఎక్కింది. ఇక కాపలా అంతా బ్రేకుదే.

1869లో అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ అనే ఆయన రైళ్ళకు గాలిబ్రేకు కనిపెట్టాడు. గొట్టంలోకి గాలి పంపితే బ్రేకు పడేది. బాగానే ఉన్నది, కాని గొట్టం తెగితే? గాలి పోతుంది, బ్రేకు కూడా పోతుంది! ఆయన ఆలోచించి, 1872లో పద్ధతిని తలకిందులు చేశాడు. కొత్త పద్ధతిలో, గొట్టంలో గాలి నిండి ఉన్నంతసేపే బ్రేకు వదిలి ఉంటుంది. గాలి పోయిందంటే బ్రేకు దానంతటదే పడుతుంది. తెనాలి-రేపల్లె రైలు బ్రేకులోనూ ఉన్నది ఈ సూత్రమే. పెద్ద లారీలలో బలమైన స్ప్రింగు ఎప్పుడూ బ్రేకును నొక్కడానికి సిద్ధంగా ఉంటుంది. దానిని గాలి వెనక్కు పట్టి ఉంచుతుంది. గాలి తగ్గిపోతే స్ప్రింగు పట్టుకుంటుంది, బండి నిలిచిపోతుంది.

బ్రేకు ఎంత మంచిదైనా వేగానికి లెక్క ఉన్నది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. ఎదురుగా గేదె వచ్చిందని డ్రైవరుకు తెలిసి, కాలు కదలడానికి ఒక సెకను అనుకుందాం. తరవాత మంచి రోడ్డు మీద బండి ఆగడానికి సుమారు 12 మీటర్లు కావాలి. మొత్తం 23. ఇప్పుడు వేగం 80 అనుకోండి. మొదటి సెకనుకు 22 మీటర్లు, ఆగడానికి 49. మొత్తం 71! వేగం రెట్టింపయితే, బ్రేకు పడ్డాక దొర్లే దూరం నాలుగు రెట్లవుతుంది. అందుకే సరుకు లారీలకు వేగం హద్దు దాటకుండా ఆపే స్పీడు గవర్నరు పెడతారు.

రాత్రి రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ, దీపంలేని ట్రాక్టరు ట్రక్కు - ఇవి వెనక వచ్చేవారికి ప్రాణాపాయం. వీటి వెనక ఎర్రగా, పక్కల పచ్చగా మెరిసే పట్టీ అంటిస్తారు. అద్దం వెలుగును మరోవైపు విసురుతుంది. ఈ పట్టీలోని సన్నని గాజుపూసలు గాని, పలకలు గాని, వచ్చిన వెలుగును వచ్చినవైపుకే తిప్పి పంపుతవి. చీకట్లో పిల్లికళ్ళు మెరిసేది ఇలాంటి కారణం చేతనే. ఇంగ్లండులో పెర్సీ షా అనే ఆయన 1934లో రోడ్డు మధ్య గుచ్చే గాజుబిళ్ళలకు పేటెంటు తీసుకున్నాడు. వాటికి పిల్లికళ్ళనే పేరు వచ్చింది. ఈ పట్టీకి కరెంటు అక్కరలేదు, కాని మట్టి పట్టితే పనిచేయదు. తడిగుడ్డతో తుడిచేవాడు ఒకడు ఉండాలి.

ఇక నిద్ర. డ్రైవరు రెప్పలను చూస్తూ, కునుకు పడగానే గంట కొట్టే కెమెరాలు కొన్ని లారీలలో వచ్చినవి. బండి ఎక్కడ ఉన్నదీ, ఎంత వేగంతో పోతున్నదీ ఉపగ్రహాల సాయంతో తెలిపే జీపీఎస్ పెట్టెలు కూడా వచ్చినవి. కాని గంట కొట్టినంత మాత్రాన నిద్ర తీరుతుందా? 1961నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. అయిదు గంటలు వరసగా పనిచేస్తే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది. కెమెరా మోగినప్పుడు, "కాసేపు పడుకుని బయలుదేరు, సరుకు ఆలస్యమైనా ఫరవాలేదు" అని ఫోనులో చెప్పే యజమాని ఉంటేనే ఆ కెమెరాకు పెట్టిన డబ్బు సార్థకం. తొందరపెట్టేవాడు ఉంటే డ్రైవరు దాని మీద గుడ్డ కప్పుతాడు.

మిగతా సాధనాల సంగతీ ఇంతే. జేబులో తాళంచెవి ఉన్నవాణ్ణి "త్వరగా కానీ" అని గద్దించకూడదు. వాయుమాపకం కూస్తుంటే "ఏమీ కాదులే" అనకూడదు. ప్రమాదాన్ని ముందుగా తెలుసుకోవడం వరకే పరికరం వంతు. పని ఆపడం మనుషుల వంతు.

పిల్లలు చేయవలసినవి

గాదెలలోను, ధాన్యపు గుట్టల మీద ఆడకండి. అపాయం పలక ఉన్న గిడ్డంగి దగ్గరకు పోకండి. బస్తాల మీద, గడ్డిమోపుల మీద కూర్చుని ప్రయాణం చేయకండి. వెనక్కు వస్తున్న లారీ వెనక నిలబడకండి. మీరు డ్రైవరుకు కనబడరు. మీ ఇంట్లో ఎవరైనా మిల్లులోనో, లారీ మీదనో పని చేస్తుంటే, ఈ వ్యాసం వారికి చదివి వినిపించండి.

చివరగా ఒక చిన్న ప్రయోగం. ఈ రాత్రి మీ సైకిలును వాకిట్లో దూరంగా నిలబెట్టి, టార్చిలైటును మీ కంటి పక్కనే పట్టుకుని వెనకవైపు ఉన్న ఎర్రబిళ్ళ మీద వేయండి. మెరిసిందా? తరవాత టార్చి మీరే పట్టుకుని, మీ తమ్ముణ్ణి పక్కకు పది అడుగులు పోయి చూడమనండి. మీకు మెరిసినంతగా అతనికి మెరవదు. ఎందుకో ఆలోచించి, మరునాడు మీ సైన్సు మేష్టారికి చెప్పండి. బిళ్ళ మీద దుమ్ము ఉంటే మాత్రం అప్పుడే తుడిచెయ్యండి.