మతిని హరించే పోషకలోపం – పెల్లాగ్రా

మతి తప్పించే వ్యాధులన్నింటికీ కారణం ఒకటే కాదు. ఆల్జైమర్ వ్యాధిలో బీటా అమిలాయిడ్ అనే ప్రోటీను మెదడు కణాల నడుమ పేరుకొంటుంది. టౌ అనే ప్రోటీను కణాలలోపల చిక్కుపడుతుంది. 21వ క్రోమోసోముపై గల ఒక జన్యువులో మార్పు వచ్చిన కొన్ని కుటుంబాలలో ఈ వ్యాధి నడివయసులోనే కనబడుతుంది. దీనిని పూర్తిగా కుదిర్చే మందు ఇంకా లేదు. కాని కారణం తెలియగానే చికిత్సకు లొంగిన వ్యాధి కూడా ఒకటి ఉన్నది. అది పెల్లాగ్రా.

ఈ వ్యాధిలో ఎండ తగిలే మెడ, ముంజేతులు, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకొంటవి. నిద్ర పట్టదు, దిగులు కమ్ముతుంది, చివరకు మతిభ్రంశం కలుగుతుంది. అమెరికాలో మొక్కజొన్న తిని బ్రతికే పేదలలో ఇది ప్రబలినప్పుడు, 1914లో పరిశోధన ఆరంభించిన గోల్డ్‌బర్గర్ ఇది అంటువ్యాధి కాదని, ఆహారలోపమని నిరూపించినాడు. లోపించినది నయాసిన్ అనే విటమిను అని 1937లో ఎల్వెహ్జెమ్ పరిశోధనవల్ల తేలినది.

నయాసిన్ లోపిస్తే మతి ఎందుకు చెడుతుంది? ఆహారంనుండి శక్తిని రాబట్టుకొనడానికి కణాలకు ఎన్.ఎ.డి. అనే పదార్థం అవసరం. అది నయాసిన్ నుండి తయారవుతుంది. శరీరపు బరువులో సుమారు 2 శాతమే ఉన్న మెదడు, శరీరం వాడే శక్తిలో దాదాపు 20 శాతం వినియోగిస్తుంది. కనుక ఈ కొరత మెదడును తీవ్రంగా బాధిస్తుంది.

మన శరీరం ట్రిప్టోఫాన్ అనే ఎమైనో ఆమ్లంనుండి కూడ నయాసిన్‌ను తయారుచేసుకొంటుంది. సుమారు 60 మిల్లీగ్రాములకు 1 మిల్లీగ్రాము చొప్పున. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. మరి నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి మెట్టసీమలలో ఒకప్పుడు రొట్టెగా, గటకగా పేదల కడుపు నింపిన జొన్నలో అది అంత తక్కువ కాదు. అయినా దక్కను పీఠభూమిలో జొన్న తినేవారికి పెల్లాగ్రా ఎందుకు వచ్చినది?

హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయానికి చెందిన గోపాలన్, శ్రీకాంతియాలు 1960లో ఒక సమాధానం ప్రతిపాదించినారు. జొన్నలో లూసిన్ అనే మరో ఎమైనో ఆమ్లం అధికం. అది నయాసిన్ వినియోగానికి అడ్డు తగులుతుందని వారి వాదం. తరువాత కొన్ని ప్రయోగశాలలలో ఈ ఫలితం రాలేదు. ఐసోలూసిన్, విటమిన్ బి6ల పాత్రను కూడ ఇక్కడి శాస్త్రజ్ఞులు పరిశీలించినారు. అనగా ఒక పదార్థం ఎంత ఉన్నదన్నదే కాదు, దేనితో ఏ పాళ్ళలో ఉన్నదన్నది కూడ ఆలోచించవలసిన విషయమే.

ఇందులో జొన్నను నిందించ పనిలేదు. పప్పు, పల్లీలు, పాలు, ఆకుకూరలతో కలిపి తింటే అది మంచి ఆహారమే. ఒక్క ధాన్యంతోనే కడుపు నింపుకోవలసిన పేదరికమే అసలు దోషం.

పెల్లాగ్రా రోగికి నికోటినమైడ్ ఇస్తే కొద్దిరోజులలోనే మనస్సు తేటపడడం ఆరంభిస్తుంది. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ గ్రంథి మాంద్యం వలన కలిగే మతిమరుపు కూడ సకాలంలో చికిత్స చేస్తే తగ్గవచ్చును. కనుక ఇంటిలో పెద్దలకు మతి తప్పుతూ ఉంటే ముసలితనమేనని ఊరుకొనరాదు. వైద్యునికి చూపించి కారణం తెలుసుకొనవలెను.