ఐలెట్ కణాలకు కాలేయం కాక మరో చోటు ఉందా?

నేను డాక్టరును కాను, సాఫ్ట్‌వేర్ పనివాణ్ణి. మా బావగారికి క్రానిక్ పాంక్రియాటైటిస్ వచ్చాక చదివి తెలుసుకున్న సంగతులివి.

నొప్పి ఏ మందుకీ లొంగకపోతే క్లోమగ్రంథిని మొత్తం తీసేస్తారు. దాంతోపాటు ఇన్సులిన్ కూడా పోతుంది. అందుకే తీసిన క్లోమం నుంచి ఐలెట్ కణాలను వేరుచేసి, పోర్టల్ సిర ద్వారా ఆ రోగి కాలేయంలోకే ఎక్కిస్తారు. 1977లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఇది మొదలైంది. సొంత కణాలే కనుక తిరస్కరణకు మందులు అక్కర్లేదు.

మరి వేరే చోటు ఎందుకంటారా? నేరుగా రక్తం తగలగానే చాలా కణాలు చనిపోతాయి. సిరలో ఒత్తిడి పెరుగుతుంది, రక్తం గడ్డకట్టవచ్చు. పైగా షుగరు పడిపోయినప్పుడు కాలేయంలోని ఐలెట్లు గ్లూకగాన్‌ను సరిగా వదలవు.

స్వీడన్ డాక్టర్లు ఒక ఏడేళ్ల పాపకు ముంజేతి కండరంలో పెట్టి, 2008లో ఆ వివరాలు ప్రచురించారు. ఇటలీలో ఎముక మజ్జలో పెట్టి చూశారు. పేగుల ముందు వేలాడే కొవ్వు పొర, ఒమెంటం, మీద మయామీలో చేసిన ప్రయత్నం 2017లో వెలువడింది. అది మాత్రం దాత కణాలతో, టైప్ 1 రోగికి.

ఇప్పటికీ కాలేయమే ప్రధానం. మా బావగారు ఇంకా నిర్ణయించుకోలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ చెబితే, "ఒత్తిడి పెరిగితే మిగిలిన కణాలు ఎక్కడ పెడతారు?" అని ముందే అడగండి. సెలవు.