లిథాప్స్: రాయిలా కనిపించే ఈ మొక్కకు నీళ్లు ఎప్పుడు పోయాలి?

అలంకరణ మొక్కల్లో లిథాప్స్‌ది విచిత్రమైన తీరు. దాహంతో కన్నా, యజమాని అతిశ్రద్ధతో పోసే నీళ్ల వల్లే ఇది ఎక్కువగా చనిపోతుంది. దీని జీవనచక్రం తెలిస్తే మాత్రం చిన్న కుండీలో దశాబ్దాల పాటు బతికించుకోవచ్చు.

లిథాప్స్ స్వస్థలం దక్షిణాఫ్రికా, నమీబియాల్లోని పొడి నేలలు. 1811లో బ్రిటిష్ యాత్రికుడు విలియం బర్చెల్ వింత గులకరాయి అనుకుని చేతిలోకి తీసుకున్నది మొక్క అని తేలింది. గ్రీకులో 'లిథోస్' అంటే రాయి, 'ఆప్స్' అంటే ముఖం. ఈ ప్రజాతికి ఆ పేరును 1922లో ఎన్.ఇ. బ్రౌన్ స్థిరపరిచారు. దీనిపై విస్తృతంగా క్షేత్రపరిశోధన చేసిన డెస్మండ్ కోల్ వృత్తిరీత్యా ఆఫ్రికన్ భాషల ఆచార్యుడు.

పాత ఆకులే నీటితొట్టి

ఈ మొక్కకు కనిపించేవి దళసరిగా, నీటితో నిండిన రెండు ఆకులే. ఏటా వాటి మధ్య నుంచి కొత్త జంట పుడుతుంది. పాత ఆకుల్లోని నీటిని పీల్చుకుంటూ అది ఎదుగుతుంది. చివరకు పాత జంట ఎండి, కాగితం పొరలా మిగులుతుంది. ఈ దశలో నీళ్లు పోస్తే పాత ఆకులు ఎండవు. కొత్తవి ఇరుకునపడి పగిలిపోవచ్చు, వేరు కుళ్లవచ్చు.

మన దేశంలో సాధారణంగా శరదృతువులో పూలు పూస్తాయి. ఆ కాలంలో మట్టి పూర్తిగా ఆరిన తర్వాతే నీళ్లు ఇవ్వాలి. పూత ముగిశాక ఆపేసి, పాత ఆకులు ఎండిపోయే వరకు ఆగాలి. మండువేసవిలో మొక్క నిద్రావస్థలో ఉంటుంది. అప్పుడు ఆకులు బాగా ముడతలు పడితే సాయంత్రం పూట కొద్దిగా తడిపితే చాలు. వానాకాలంలో కుండీని వాన తగలని, గాలి ఆడే చోట ఉంచాలి.

మట్టి, ఎండ

ముతక ఇసుక, చిన్న రాళ్లు ఎక్కువగా, కంపోస్టు తక్కువగా కలిపిన మట్టి దీనికి అనుకూలం. వేరు లోతుకు దిగుతుంది కాబట్టి నాలుగంగుళాల లోతున్న, అడుగున రంధ్రమున్న కుండీ వాడాలి. రోజూ నాలుగైదు గంటల ఉదయపుటెండ అవసరం. వెలుతురు చాలకపోతే ఆకులు సన్నగా పైకి సాగుతాయి. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా తీవ్రమైన ఎండలో పెడితే మాడిపోతుంది.

విత్తనం నుంచి పెంచితే పూతకు సుమారు మూడేళ్లు పడుతుంది. విత్తనాలు కట్టాలంటే సాధారణంగా ఒకే జాతికి చెందిన రెండు వేర్వేరు మొక్కలు పక్కపక్కన పూయాలి.

కొనేముందు

అక్రమంగా తవ్వి అమ్మే ముఠాల వల్ల దక్షిణాఫ్రికాలోని రసభరిత మొక్కల సహజ ఆవాసాలు దెబ్బతింటున్నాయి. లిథాప్స్ విత్తనం నుంచి సులువుగానే మొలుస్తుంది. కనుక అడవి నుంచి తెచ్చిన మొక్క కొనాల్సిన అవసరం లేదు. నర్సరీలో విత్తనంతో పెంచినదేనా అని అడిగి కొనడం ఉత్తమం.