పత్తిచేనిలో మోటారు సైకిలు గుంటక

వరంగల్లు నల్లరేగళ్లలో పత్తిసాళ్ల నడుమ గుంటక తోలుటకు ఎడ్లు దొరకుట కష్టమైనది. పాత మోటారు సైకిలు ఇంజనుతో ఆ పని గడుపుకొందమని తలంచు రైతు సోదరులకు మేము చెప్పునది యిది. ఈ యుపాయము క్రొత్తది కాదు. గుజరాతులో అమ్రేలి జిల్లా రైతు మన్సుఖభాయి జగానీ 1994లో బుల్లెట్టు బండి వెనుకచక్రమును తీసి, ఆ చోట రెండు చక్రముల యిరుసును, దానికి గుంటకను అమర్చెను.

ఇంజనుకు బలము చాలదను భయము వలదు. చిక్కంతయు వేగముననే యున్నది. నూరు సి.సి. బండి మొదటి గేరులో, ఇంజను నిమిషమునకు 4,000 చుట్లు తిరుగుచుండగా, గంటకు సుమారు 12, 13 కిలోమీటర్లు పోవును. అంత వేగమున గుంటక కలుపుతోబాటు పైరును గూడ పెఱుకును. కావున నడుమ నింకొక యిరుసు నుంచి, 14 పండ్ల చక్రముచే 42 పండ్ల చక్రమును త్రిప్పింపవలయును. వేగము మూడవ వంతగును. లాగుబలము దాదాపు మూడింతలగును. మనిషి నడకకు సరిపోవును.

ఇక వేడిమి. ఈ యింజను దారిలో ఎదురుగాలికి చల్లబడునట్టిది. చేనిలో నడకవేగమున ఆ గాలి తగులదు. ఫ్యాను అమర్చనిచో పిస్టను పట్టివేయును. ఇంట పని చేసికొనువారు తఱచు మఱచునది యిదియే. గొలుసుపై రేకుమూత వేయుడు, పంచెకొంగు చిక్కిన ప్రాణాపాయము. అనుమతిలేని యిట్టి మార్పులను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ఒప్పదు గనుక ఆ బండిని రోడ్డెక్కింపకుడు. చేనికి ట్రాలీలో చేర్చుకొనుడు.