సైరంధ్రి మొర, సభాసదుల మౌనము

విరాటుని కొలువులో సైరంధ్రి మొరపెట్టుకొనిన ఘట్టము నెరుగని తెలుగువారుండరు. కీచకుడు ఆమెను వెంటాడెను. ఆశ్రయమొసగిన రాణియే ఆమెను వాని యింటికి పంపెను. నిండుసభలో వాడు తన్నినను రాజు నోరు మెదపలేదు. కీచకుడు రాజునకు బావమరిది, పైగా సేనాపతి. న్యాయపీఠము మూగవోయినందుననే చీకటివేళ నర్తనశాలలో భీముని బాహువులు తీర్పు చెప్పవలసి వచ్చెను. నేటి కీచకులు సెల్‌ఫోనులలో సంచరించుచున్నారు. మొర వినవలసినవారి మౌనము మాత్రము పెక్కుచోట్ల నాటివలెనే యున్నది.

మారుపేర్లతో ఖాతాలు తెరచి రేయింబవళ్లు సందేశములు పంపుట, ఆమె యెక్కడనున్నదో యెవరితో మాటలాడుచున్నదో కనిపెట్టుచుండుట, ఆమె చిత్రమును వికృతపరచి బంధుమిత్రులకు పంపెదనని బెదరించుట, ఇవి యన్నియు అంతర్జాలమున వెంటాడుటలోనివే. ఒక్కొక్క సందేశమును విడిగా చూచినవారికి అల్పముగా తోచును. చినుకులన్నియు చేరినపిదపగాని వరద యని తెలియదు. బాధితురాలు ఠాణాకేగినచో తరచుగా వినవచ్చు మొదటి మాట యేది? “ఖాతా మూసివేయమ్మా, నంబరు మార్చుకో” అనియే. ఇంటివారు చదువు మానుమందురు. వెంటాడినవానికి స్వేచ్ఛయు, వేదనపడునామెకు నిర్బంధమును! దీనిని రక్షణ యని మేము అనజాలము.

చట్టము లేదనుటకు వీలులేదు. 2012 డిసెంబరులో ఢిల్లీయందు జరిగిన ఘోరము పిమ్మట జస్టిస్ జె. ఎస్. వర్మ సంఘము తన నివేదికను సమర్పించెను. 2013లో శిక్షాస్మృతికి 354-డి సెక్షను చేరెను. ఇష్టము లేదని స్త్రీ స్పష్టపరచినను మరల మరల సంబంధమునకు యత్నించుటయు, ఆమె అంతర్జాల వ్యవహారములను కనిపెట్టుచుండుటయు నేరములాయెను. 2024 జూలై 1 నుండి ఇది భారతీయ న్యాయసంహితలో 78వ సెక్షనుగా నున్నది. మొదటి నేరమునకు మూడేండ్ల వరకును, మరల చేసినచో ఐదేండ్ల వరకును శిక్ష కలదు. అయితే మొదటి నేరమునకు జామీను హక్కుగా లభించును. వాడు సాయంకాలమునకే యిల్లు చేరవచ్చును. ఆమె ఫోను ఆ రాత్రియే మ్రోగవచ్చును. ఫిర్యాదునకును తీర్పునకును నడుమనున్న యీ కాలమే ఆమెకు గండము.

ప్రయత్నములు జరుగకపోలేదు. 2014 అక్టోబరులో హైదరాబాదున షీ టీములు ఏర్పడెను. మామూలు దుస్తులలో తిరుగుచు, వేధించువారిని సాక్ష్యముతో పట్టుకొనుట వాని పద్ధతి. వైద్యము, సలహా, న్యాయసహాయము ఒక్కచోటనే అందించుటకై 2015లో సఖి కేంద్రముల పథకము వెలసెను. 2019లో కేంద్రప్రభుత్వము సైబరు నేరముల ఫిర్యాదులకు జాతీయ పోర్టలును ప్రారంభించెను. 1987 నాటి న్యాయసేవల చట్టము వలన, ఆదాయముతో నిమిత్తము లేకయే స్త్రీకి ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. ఇన్ని ద్వారములున్నను, ఒకచోట చెప్పుకొనిన కథనే వేరొకచోట మొదటినుండి చెప్పుకొనవలసి వచ్చుట దౌర్భాగ్యము.

కావున మేము కోరునవి మూడు. ఏ ఠాణాయైనను ఫిర్యాదును స్వీకరింపవలెను. “ఇది మా హద్దు కాదు” అను సాకును క్రొత్త విచారణ స్మృతియే తొలగించినది. ఆ ఫిర్యాదునకు తుదివరకు ఒక్క అధికారి బాధ్యుడై యుండవలెను. విడుదలయైనవాడు మరల సందేశము పంపిన క్షణమున తానెవరిని పిలువవలెనో ఆమెకు ముందే తెలిసియుండవలెను. మూడవది, భయముతోను సిగ్గుతోను ఆమె సందేశములను చెరిపివేయక పూర్వమే, వానిని తేదీలతో భద్రపరచుమని చెప్పువారుండవలెను. చెరిపివేసిన సాక్ష్యము కీచకునికి కవచమగును.

హద్దులేని అధికారమును ప్రభుత్వమున కొసగుమని మేము కోరుటలేదు. 66-ఎ సెక్షనును 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు స్వాతంత్ర్యప్రియులు హర్షించిరి, అది న్యాయమే. విమర్శ వేరు, వెంటాడుట వేరు. మొదటిది వాక్స్వాతంత్ర్యము, రెండవది పరుల స్వాతంత్ర్యమును హరించుట. ఈ భేదము తెలిసిన అధికారికి క్రొత్త చట్టముతో పనిలేదు.

విరాటుడు ఆనాడు ఒక్క మాట పలికియున్నచో నర్తనశాలలో రక్తము చిందియుండెడిది కాదు. ఆ మాట పలుకవలసినవాడు నేడు ఠాణాలో బల్లవెనుక కూర్చున్న ఉద్యోగి. “కూర్చోండమ్మా, చెప్పండి, వ్రాసుకొనెదను” అని అతడు పలికిననాడే రక్షణ ఆరంభమగును.