కంప్యూటరులో వేగులవాడు

పూర్వకాలపు రాజులు శత్రువుల కోటలలోకి వేగులవాళ్ళను పంపేవారని మీరు చరిత్ర పాఠంలో చదువుకున్నారు కదా! మంచి వేగులవాడికి మూడు విద్యలు తెలిసి ఉండాలి. ఒకటి, కోటలోకి చొరబడటం. రెండు, ఎవరి కంటా పడకుండా అక్కడే మసలటం. మూడు, తెలుసుకున్న సంగతులను తన వాళ్ళకు చేరవేయటం. వీటిలో ఏ ఒక్కటి రాకపోయినా వాడు దొరికిపోతాడు, లేదా ఎందుకూ పనికిరాకుండా పోతాడు.

ఈ మూడు విద్యలూ నేర్చిన ప్రోగ్రాములు కంప్యూటర్లలోనూ ఉన్నాయి. వీటిని స్పైవేర్ అంటారు. మన భాషలో వేగు ప్రోగ్రాములు అనుకోవచ్చు. మీరు కీబోర్డు మీద ఏ అక్షరాలు నొక్కుతున్నారు, ఇంటర్నెట్‌లో ఏమేమి చూస్తున్నారు, మీ ఫైళ్ళలో ఏమున్నది అనే సంగతులను మీకు తెలియకుండా సేకరించి, ఎక్కడో ఉన్న మరొకరికి పంపటమే వీటి పని. ఇంట్లో పెద్దవాళ్ళు బ్యాంకు పనులు చూసుకునే కంప్యూటరులో ఇలాంటిది చేరితే ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఒక ప్రశ్న. కంప్యూటరు మనది. దానిలో ఏ ఫైళ్ళున్నాయో చూపమంటే చూపుతుంది. ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చెప్పమంటే చెబుతుంది. మరి మన ఇంట్లోనే, మన కళ్ళెదుటే ఉన్న వేగు మనకెందుకు కనబడదు? దీనికి జవాబు తెలియాలంటే, ముందు అది లోపలికి ఎలా వస్తుందో చూడాలి.

తలుపు తీసేది మనమే

ప్రోగ్రాము అంటే కంప్యూటరు ఒకదాని తరువాత ఒకటిగా చేయవలసిన పనుల పట్టిక. డిస్కు మీద ఊరికే పడి ఉన్న ప్రోగ్రాము ఏ హానీ చేయలేదు. అలమరలో మూసిపెట్టిన వంటల పుస్తకం అన్నం వండలేదు కదా! ఎవరో ఒకరు దానిని నడపాలి. అందుచేత వేగు ప్రోగ్రాము వేసే మొదటి ఎత్తు, తనను మన చేతనే నడిపించుకోవటం.

ఇందుకు అది ఎన్నో వేషాలు వేస్తుంది. ఉచితంగా దొరికే ఆట వెంట తోకలాగా వస్తుంది. డబ్బు పెట్టి కొనవలసిన ప్రోగ్రామును ఊరికే నడిపించి పెడతానని చెప్పే ‘క్రాక్’ రూపంలో వస్తుంది. ఈ-మెయిలుకు తగిలించిన బిల్లులాగానో, ఫొటోలాగానో వస్తుంది. విండోస్ కంప్యూటరు మామూలుగా ఫైలు పేరు చివర ఉండే తోకను, అంటే అది ఏ జాతి ఫైలో తెలిపే అక్షరాలను, మనకు చూపించదు. కనుక ‘ఫొటో డాట్ జేపీజీ డాట్ ఈఎక్స్‌ఈ’ అనే ప్రోగ్రాము తెర మీద ‘ఫొటో డాట్ జేపీజీ’గా, అమాయకమైన బొమ్మలాగా కనబడుతుంది. దాని మీద నొక్కామా, తలుపు తీసినట్లే! బ్రౌజరు వంటి ప్రోగ్రాములలో తయారుచేసినవాళ్ళు పొరపాటున వదిలిన కంతలు కూడా ఉంటాయి. వాటిని పూడ్చే మార్పులను మనం ఎప్పటికప్పుడు వేసుకోకపోతే, ఒక్కొక్కసారి ఒక పేజీ తెరిచినంత మాత్రానే వేగు ఆ కంతలో నుంచి దూరగలదు.

వచ్చినంత మాత్రాన సరిపోదు. కంప్యూటరును ఆపివేస్తే ర్యామ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. అప్పుడు నడుస్తున్న ప్రోగ్రాములన్నీ నిద్రపోతాయి. మరునాడు వేగును మళ్ళీ ఎవరు లేపుతారు? విండోస్ మేలుకున్నప్పుడల్లా తనంతట తానే ఏయే ప్రోగ్రాములను లేపాలో చెప్పే జాబితాలు కొన్ని ఉంటాయి. వేగు వచ్చీరాగానే వాటిలో తన పేరు రాసుకుంటుంది. ఆ పేరు కూడా మామూలు పేరు కాదు. ‘ఎస్‌వీసీహోస్ట్’ అనేది విండోస్‌లో ఉండే అసలైన ప్రోగ్రాము. ‘ఎస్‌సీవీహోస్ట్’ అని రెండు అక్షరాలు తారుమారు చేసి పెట్టుకుంటే ఎంతమంది గమనిస్తారు చెప్పండి?

కాని ఇది మారువేషం మాత్రమే. శ్రద్ధగా చూసేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. ఇంతకంటే గడుసు వేగులు అసలు కనబడకుండానే పోతాయి. అది ఎలాగో చూద్దాం.

చీటీలు మార్చే మనిషి

ఒక పెద్ద గ్రంథాలయం ఉందనుకోండి. అందులో పాఠకులను పుస్తకాల అరల దగ్గరికి రానివ్వరు. మనకు కావలసినదేమిటో చీటీ మీద రాసి కిటికీలో ఇవ్వాలి. లోపల ఉన్న ఉద్యోగి అరలన్నీ చూసి, జాబితా రాసి తెచ్చి ఇస్తాడు. లోపల ఎన్ని పుస్తకాలున్నా, మనకు తెలిసేది ఆ జాబితాలో ఉన్నంతవరకే.

కంప్యూటరులో ఆ లోపలి గదిని కెర్నెల్ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది నడిబొడ్డు. మీరు ఒక ఫోల్డరును తెరిచినప్పుడు తెర మీది ప్రోగ్రాము తానుగా డిస్కును చూడదు. ‘ఈ ఫోల్డరులో ఏమేమి ఉన్నాయి?’ అని కెర్నెల్‌కు చీటీ పంపుతుంది. కెర్నెల్‌లో ఒక పట్టిక ఉంటుంది. ఫలానా నెంబరు చీటీ వస్తే ఫలానా చోట ఉన్న పనివాడికి అందించాలి అని అందులో రాసి ఉంటుంది.

వేగు ఆ గదిలోకి చేరగలిగితే ఏంచేస్తుందో చూడండి. పట్టికలో అసలు పనివాడి చిరునామా కొట్టివేసి తన చిరునామా రాస్తుంది. ఆపైన ప్రతి చీటీ ముందు దాని చేతికే వస్తుంది. అది ఆ చీటీని అసలు పనివాడికే ఇచ్చి నిజమైన జాబితా తెప్పించుకుంటుంది. అందులో తన పేరునూ తన వాళ్ళ పేర్లనూ కొట్టివేసి, మిగిలినది మనకు అందిస్తుంది. లేనిది ఏదీ చేర్చలేదు, ఉన్నదానిని కాస్త తగ్గించింది, అంతే! ఇలా దాచిపెట్టే సాధనాన్ని రూట్‌కిట్ అంటారు.

మనం చూసే జాబితా పూర్తి జాబితా కానక్కరలేదని మీరే ఒక చిన్న ప్రయోగం చేసి తెలుసుకోవచ్చు. మాస్టారి అనుమతితో బడిలోని విండోస్ కంప్యూటరులో ఒక ఫోల్డరు తయారుచేసి, దానిలో మూడు ఫైళ్ళు పెట్టండి. ఒకదాని మీద మౌసు కుడి మీట నొక్కి, ‘ప్రాపర్టీస్’లో ‘హిడెన్’ అనే గడిలో టిక్కు పెట్టండి. ఇప్పుడు ఫోల్డరులో రెండే ఫైళ్ళు కనబడతాయి. మూడవది ఎక్కడికీ పోలేదు. ‘వ్యూ’లోకి వెళ్ళి ‘హిడెన్ ఐటమ్స్’ చూపమంటే, వెలిసిపోయిన రంగులో మళ్ళీ కనబడుతుంది. ఇది విండోస్ ఇచ్చిన సదుపాయమే కనుక అడిగితే చూపింది. రూట్‌కిట్ దాచినదానిని ఇలా ఎంత అడిగినా చూపదు.

పాటల డిస్కులో వచ్చినవాడు

ఇదంతా ఊహ కాదు. 2005లో జరిగిన కథ వినండి.

మార్క్ రస్సినోవిచ్ అనే అమెరికా నిపుణుడికి విండోస్ లోపలి మర్మాలు బాగా తెలుసు. రూట్‌కిట్లను పట్టుకోవటానికి ఆయన, ఆయన సహచరుడు కలిసి ‘రూట్‌కిట్ రివీలర్’ అనే ప్రోగ్రామును తయారుచేశారు. ఆయన దానిని ఒకనాడు తన సొంత కంప్యూటరు మీద నడిపి చూస్తే, అందులోనే రూట్‌కిట్ ఉన్నట్లు తేలింది. పోలీసు ఇంట్లోనే దొంగ దాగినట్లయింది!

కెర్నెల్ జాబితాలో కనబడనిది ఆ ప్రోగ్రాముకు ఎలా కనబడింది? అది ఇద్దరు సాక్షులను విచారిస్తుంది. ముందు అందరిలాగే చీటీ పంపి ఒక జాబితా తెప్పించుకుంటుంది. తరువాత, ఫైళ్ళ జాబితా ఎవరినీ అడగకుండా, డిస్కు మీద రాసి ఉన్న ముడి సమాచారాన్ని తానే చదివి రెండవ జాబితా వేసుకుంటుంది. ఆ రెండింటినీ పోల్చి చూస్తుంది. రెండవ జాబితాలో ఉండి మొదటిదానిలో లేని పేరు ఏదైనా ఉంటే, ఎవరో దానిని మధ్యలో కొట్టివేశారన్నమాట!

రస్సినోవిచ్‌కు అలా దొరికిన పేర్లను పరిశీలిస్తే ఒక సంగతి బయటపడింది. ఆ పేర్ల మొదట ఒకే గుర్తు ఉన్నది. రెండు డాలరు గుర్తుల మధ్య ఎస్, వై, ఎస్ అనే మూడు అక్షరాలు. ఈ గుర్తుతో మొదలయ్యే ప్రతి పేరునూ రూట్‌కిట్ దాస్తున్నదా? అనుమానం తీర్చుకోవటానికి ఆయన ఒక సులువైన పరీక్ష చేశాడు. నోట్‌ప్యాడ్ ప్రోగ్రాముకు ఒక నకలు తీసి, దాని పేరు మొదట అదే గుర్తు తగిలించాడు. అంతే, ఆ నకలు మాయమైపోయింది!

ఇంతకీ ఆ రూట్‌కిట్ ఎక్కడిది? ఆనవాళ్ళు పట్టుకుని వెనక్కు పోతే అవి ఏ దొంగల ముఠా దగ్గరికీ పోలేదు. ఆయన డబ్బిచ్చి కొన్న పాటల సీడీ దగ్గరికి పోయాయి. సోనీ బీఎంజీ అనే పెద్ద సంగీత సంస్థ, తన పాటలకు ఇష్టం వచ్చినన్ని నకళ్ళు తీయకుండా ఆపటానికి, ఎక్స్‌సీపీ అనే ప్రోగ్రామును 50కి పైగా ఆల్బముల డిస్కులలో పెట్టింది. ఆ ప్రోగ్రామును చేసినది ఫస్ట్ ఫోర్ ఇంటర్నెట్ అనే బ్రిటిష్ కంపెనీ.

వేగులవాడి మూడు విద్యలను ఇక్కడ సరిచూడండి. చొరబడటం: ఆ రోజుల్లో సీడీ పెట్టగానే విండోస్ దానిలోని ప్రోగ్రామును తనంతట తానే మొదలుపెట్టేది. తెర మీద ఒక పొడుగాటి ఒప్పందం వచ్చేది. ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కితే తప్ప పాటలు వినబడవు. ప్రోగ్రాము దాగి ఉంటుందనే మాట మాత్రం ఆ ఒప్పందంలో లేదు. పైగా అప్పట్లో ఇళ్ళలో చాలామంది సర్వాధికారాలూ ఉన్న ఖాతాలోనే పనిచేసేవారు. కనుక కెర్నెల్ గది తాళం సులువుగా దానికి చిక్కింది. దాగి ఉండటం: అది మీకు తెలిసినదే. చేరవేయటం: మీరు ఏ ఆల్బము వింటున్నారో దాని నెంబరును ఆ డిస్కులోని ప్రోగ్రాము సంస్థ కంప్యూటరుకు పంపేది.

2005 అక్టోబరు 31న రస్సినోవిచ్ ఈ సంగతిని లోకానికి వెల్లడించాడు.

తెర వేసినవాడు ఒకడు, దాగినవాడు ఇంకొకడు

‘తన పాటలను తాను కాపాడుకోవటం తప్పా?’ అని మీరు అడగవచ్చు. కాపాడుకోవటం తప్పు కాదు. ఇతరుల ఇంట్లో, వాళ్ళకు చెప్పకుండా తెర కట్టటం తప్పు. ఎందుకంటే ఆ తెరకు తన యజమాని ఎవరో తెలియదు. పేరు మొదట ఆ గుర్తు ఉన్న ప్రతి ఫైలునూ అది దాస్తుంది. రెండు వారాలు కూడా గడవకముందే, దుర్మార్గులు ఈ-మెయిళ్ళలో పంపే హానికర ప్రోగ్రాములు అదే గుర్తు తగిలించుకుని ఆ తెర వెనుక దాక్కోవటం మొదలుపెట్టాయి!

పోనీ తీసివేద్దామంటే అదీ చిక్కే. ఫైళ్ళను చేతితో చెరిపివేస్తే సీడీ డ్రైవే పనిచేయటం మానివేసేది. తొలగించటానికని సంస్థ మొదట ఇచ్చిన సాధనం కంప్యూటరులో ఇంకొక పెద్ద కంతను వదిలిందని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ ఫెల్టెన్, అలెక్స్ హాల్డర్మన్ కనిపెట్టారు. చివరకు ఆ నవంబరులోనే సంస్థ డిస్కులను వెనక్కు తీసుకోవలసి వచ్చింది. 2007 జనవరిలో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘంతో రాజీ కుదుర్చుకుని, కంప్యూటర్లు పాడైనవారికి 150 డాలర్ల దాకా ఇవ్వటానికి ఒప్పుకుంది.

మరి మనం ఏంచేయాలి?

ఆనాటి నుంచి ఎన్నో కట్టుదిట్టాలు వచ్చాయి. 64 బిట్ల విండోస్ తన కెర్నెల్ పట్టికకు తానే కాపలా కాస్తుంది. దానిని ఎవరైనా దిద్దినట్లు కనిపెడితే యంత్రాన్నే ఆపివేస్తుంది. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి, యూఎస్‌బీ డ్రైవు తగిలించగానే అందులోని ప్రోగ్రాము దానంతట అది నడవటం ఆగిపోయింది. కాని ఎంత గట్టి తాళమైనా, లోపలివాళ్ళే తలుపు తీస్తే ఏంచేయగలదు? అందుకే రోజువారీ పనికి సర్వాధికారాలు లేని మామూలు ఖాతానే వాడండి. కంతలు పూడ్చే మార్పులను వాయిదా వేయకండి. ఫైళ్ళ పేర్ల తోకలు కనబడేలా పెట్టుకోండి. ‘క్రాక్’ జోలికి పోకండి.

కంప్యూటరు నెమ్మదించినంత మాత్రాన వేగు ఉన్నట్లు కాదు. చురుకుగా నడుస్తున్నంత మాత్రాన లేనట్లూ కాదు. అనుమానం వస్తే అనుమానితుడినే సాక్ష్యం అడగకూడదు. ఇప్పటి విండోస్‌లో ‘డిఫెండర్ ఆఫ్‌లైన్’ అనే తనిఖీ ఉన్నది. అది మామూలు విండోస్‌ను మేలుకోనివ్వకుండా, తాను వేరుగా మేలుకుని డిస్కును వెతుకుతుంది. నిద్రపోతున్న వేగు జాబితాలు దిద్దలేదు కదా! ఇదీ రెండవ సాక్షిని విచారించటమే. ప్రయోగశాలలో ఒక కొలత మీద అనుమానం వస్తే, అదే పరికరాన్ని పదిసార్లు చూడరు. వేరే పరికరంతో కొలిచి చూస్తారు.

చివరగా ఒక్క మాట. ఆ గొడవ రేగిన రోజుల్లో ఆ సంగీత సంస్థ ఉన్నతాధికారి ఒకరు అమెరికా రేడియోలో మాట్లాడారు. రూట్‌కిట్ అంటే ఏమిటో చాలామందికి తెలియనే తెలియదని, అలాంటప్పుడు దాని గురించి వాళ్ళకెందుకు బాధ అని ఆయన మాటల సారాంశం. వేగులవాడికి అన్నిటికంటే దట్టమైన తెర మన తెలియనితనమే. రూట్‌కిట్ అంటే ఏమిటో ఈ పూట మీరు తెలుసుకున్నారు. మీ ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పండి.